వెనక్కి తిరిగే వేళ

హేమావతి ఒళ్ళో లాప్‌టాప్, ఎదురుగా బోరు లారీ. పొద్దున మొదలైన రొద మధ్యాహ్నం దాటినా ఆగలేదు. గొట్టంలోంచి రాతిపిండి లేచి తోటలోని చీనీ బత్తాయి చెట్ల మీద, నులకమంచం మీద, ఆమె కనురెప్పల మీద పడుతోంది. నీళ్ళు మాత్రం పడలేదు.

సాయంత్రానికి ఒక అధ్యాయం పంపాలి. కొండలెక్కేవాళ్ళు ప్రాణాలు ఎలా కాచుకోవాలో నేర్పే పుస్తకం అది. జర్మన్‌లో ఉన్నదాన్ని ఆమె ఇంగ్లిషులోకి మారుస్తోంది. పుట్టపర్తికి వచ్చే విదేశీయుల దగ్గర నాలుగు ముక్కలు పట్టుకుని, బెంగళూరులో కోర్సు చేసి, ఆ భాషతోనే బతుకుతోంది. బెంగళూరులో ఉద్యోగం బాగానే ఉండేది. తోట ఎండిపోతోందని తెలిసి, కొత్తచెరువు పక్కనున్న ఈ పల్లెకు వచ్చేసింది. ఇప్పుడు వేపచెట్టు నీడే ఆఫీసు.

మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడని మనిషికి మంచుకొండలతో కుస్తీ. మంచు కింద దాగిన పగులుకు ఒక మాట. తాడుకు వేలాడుతున్నవాడిని పైకి లాగే పద్ధతికి ఇంకో మాట. ఎలాగో అన్నీ దొరికాయి. ఆమెకే ఒంట్లో ఓపిక లేదు. కొన్నాళ్ళుగా సరిగా నిద్ర కూడా లేదు.

తండ్రి రామప్ప గొర్రెల దొడ్డి వైపు నుంచి వచ్చాడు. తలగుడ్డతో మొహం తుడుచుకుని మంచం పక్కన నిలబడ్డాడు.

“అమ్మా, ఏమంటావు? చాలంటావా?”

“చూద్దాంలే నాయనా. ఈ పని కానీ.”

ఆయన ఇంకేదో అనబోయి మింగేశాడు. బోరు వేస్తున్న చోట నీళ్ళ గురించి చెడ్డమాట అనకూడదు. గంగమ్మ వింటుందట. ఆ ఊళ్ళో అదొక కట్టుబాటు. ఎంత పిండి లేచినా సరే, చుట్టూ ఉన్నవాళ్ళు నోటికి తాళం వేసుకుని నిలబడతారు. లోపల ఎవరు ఏమనుకుంటున్నారో ఆ గంగమ్మకే తెలియాలి.

పోయిన ఏడు వేసిన బోరు ఇలాగే పిండి కక్కి ఊరుకుంది. ఈసారి నీళ్ళ జాడ చెప్పే బుడేన్ సాబ్‌ను పిలిపించారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా తిరిగాడు. కాయ లేచి నిలబడిన చోట గుర్తుగా రాయి పాతారు. దీనికోసం సగం మంద సంతకు పోయింది. గొర్రెలంటే రామప్పకు ప్రాణం. అనుకున్న లోతు దాటి పోతే మిగిలిన సగమూ పోవాల్సిందే. ఆ తర్వాత ఈ వయసులో ఆయనకు కూలిపనే గతి.

హేమావతి తెర మీద పడిన దుమ్మును చున్నీతో తుడిచి మళ్ళీ రాయసాగింది.

‘బయలుదేరే ముందే, వెనక్కి తిరిగే వేళ నిర్ణయించుకోవాలి. ఆ వేళకు ఎక్కడున్నా తిరగాలి. శిఖరం కళ్ళెదుటే ఉన్నా సరే.’

ఇంగ్లిషు వాక్యం నున్నగా కుదిరింది. దాని కిందే ఇంకో మాట ఉంది. శిఖరం దగ్గరపడ్డవాడికి పట్టే జ్వరం. ఇంత దూరం వచ్చాం, ఇంకొంచెమే కదా అనిపిస్తుందట. కొండ మీద ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళలో చాలామందికి ఆ జ్వరమే పట్టిందని పుస్తకం చెబుతోంది.

ఆమెకు కోపం వచ్చింది. ఇంత చదివి, ఇన్ని తాళ్ళు కట్టుకుని, ఒక్క గడియారం మాట వినలేరా ఈ మనుషులు?

పక్క చేను పెద్దక్క చెంబుతో మజ్జిగ తెచ్చింది. “ఈ రొదలో ఏం రాస్తాండావే తల్లీ?”

హేమావతి గొంతు పెంచి ఆ జ్వరం సంగతి చెప్పింది. రామప్ప కూడా విన్నాడు.

“ఆ జ్వరానికి కొండలే కావల్నా? మనింట్లోనే ఉండాది” అన్నాడు.

పెద్దక్క పక్కున నవ్వింది. “పంతం ఒకరిది, ఆయాసం ఒకరిది. బాగుండాది మీ సంసారం!”

హేమావతి నవ్వలేదు. ఈ బోరు మాట ఆమె ఎత్తినప్పటి నుంచి నాయనకూ ఆమెకూ సరిగా మాటల్లేవు. మొన్న కంచం ముందు కూర్చుని కూడా అరుచుకున్నారు. అమ్మ ఉన్నా బాగుండేది, మధ్యలో ఒక మాట చెప్పేది.

ఉన్నట్టుండి రొద ఆగింది. ఆ నిశ్శబ్దంలో దొడ్డిలో గొర్రెల అరుపులు వినిపించాయి. లారీ మీది మనిషి మొహానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి కేకేశాడు.

“అనుకున్న లోతు అయిపోయిందన్నా! రాడ్లు ఎత్తేద్దామా, ఇంకా దించమంటారా?”

అందరూ వేపచెట్టు వైపు తిరిగారు. హేమావతి ఆఖరి వాక్యం ఇంకోసారి చదువుకుని, తప్పులేవీ లేవని తేల్చుకుని, అధ్యాయాన్ని పంపించేసింది. లాప్‌టాప్ మూసి లేచి నిలబడింది.

రామప్ప ఎండిన చీనీ కొమ్మల వైపు చూశాడు. ఆ చెట్లన్నీ ఆయన చేత్తో నాటినవే.

“నీళ్ళు లేవు తల్లీ, నీకు దండం పెడతా, ఆ మిగిలిన గొర్రెలనన్నా నాకు ఇడిసిపెట్టు” అని నాయన కట్టుబాటు తప్పి కూతురి ముందే రెండు చేతులూ జోడిస్తుంటే, హేమావతి ఆయన్ని దాటి లారీ వైపు చూసి, ఇంకో రాడ్డు దించమని చెయ్యి ఊపింది.