తాబేలు గుగ్గిళ్ల బండి

ఆ అడవిలో ఆకలి తప్ప అన్నీ రూలు ప్రకారమే జరుగుతాయట. ఆ మాట నమ్మింది తాబేలొక్కటే. ఉలవ గుగ్గిళ్ల బండి పెట్టుకుందామని, ముందుగా పర్మిట్ కోసం అర్జీ రాసుకుని మడుగు పక్కనున్న ఆఫీసుకి వెళ్లింది.

ఆఫీసరు కొంగగారు ఒంటికాలి మీద జపంలో ఉన్నారు. అయ్యాక ఒక కన్ను తెరిచి, "బండేదీ? చూడకుండానే సంతకం పెట్టమంటావా?" అన్నారు.

తాబేలు వారం రోజులు బండిని లాక్కుంటూ తెచ్చింది.

"పర్మిట్ లేకుండా బండిని రోడ్డెక్కిస్తావా? ఎంత ధైర్యం!" అని కొంగగారు ఒక చక్రం ఊడదీయించి లోపల పెట్టించారు.

ఇంతలో మధ్యాహ్నమైంది. కొంగగారు గేటు ముందున్న నక్క బండి దగ్గరికెళ్లి నాలుగు చేప బజ్జీలు లాగించారు.

వెనకే వెళ్లిన తాబేలు, "అయ్యా, మరి ఈ నక్క బండికి పర్మిట్ ఉందాండీ?" అని అడిగింది.

కొంగగారు ముక్కు తుడుచుకున్నారు. "వాడు అర్జీ పెట్టలేదుగా! అర్జీ లేకపోతే ఫైలుండదు. ఫైలు లేకపోతే తప్పు ఎక్కడ రాస్తాం? నీకైతే శుభ్రంగా ఫైలుంది."

"పర్మిట్ అడిగావా తాబేలక్కా? అయ్యో!" అని నక్క నిజంగానే జాలిపడింది.

తాబేలు చాలాసేపు ఆలోచించింది, ఆఫీసంత సేపు కాకపోయినా. "అయితే నా అర్జీ నాకిచ్చెయ్యండయ్యా."

"అదెంత భాగ్యం!" అన్నారు కొంగగారు, ఇంకో బజ్జీ అందుకుంటూ. "వాపసు కోసం ఇంకో అర్జీ పెట్టు. బండి మాత్రం మళ్లీ చూపించాలి. నాలుగు చక్రాలూ ఉండాలి సుమా!"