నీలం తలుపు

వీధి తలుపు ముందు ఎవరో అమ్మాయి నిలబడి, చెక్క మీద చెయ్యి వేసి నిమురుతోంది.

"మీటరు చూడ్డానికైతే పక్క గోడకుందమ్మా!" అంది అత్తగారు కిటికీలోంచి.

"మీటరు కాదండీ. వెబ్‌సైట్ డిజైన్ చెయ్యడానికి రమ్మన్నారు."

లోపల గిన్నెలు గలగలమన్నాయి. తోడికోడళ్ళిద్దరూ చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

మూడేళ్ళుగా వెనక గదిలో సబ్బులు చేసి అమ్ముతున్నారు వాళ్ళు. పేరు లేదు, బోర్డు లేదు. అయినా కొత్తవాళ్ళు వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు. ఆ ధైర్యంతోనే చిన్నకోడలు ఉద్యోగం మానేసింది. వ్యాపారం నిలబడకపోతే మళ్ళీ ఆ ఆఫీసు మెట్లే ఎక్కాలి.

వచ్చినమ్మాయి ఏ కంపెనీ మనిషీ కాదు. సొంతంగా పని మొదలుపెట్టింది.

"మీదే నా మొదటి పని," అంది సంబరంగా. జుట్టు ముడిలో పెన్సిలు దోపుకుని ఉంది. "ముందు చేతులు కడుక్కుంటానండీ. వాసన లేని సబ్బు ఇస్తారా?"

"గులాబీ ఉంది, నిమ్మ ఉంది, ఆ చప్పిడిది ఎందుకమ్మా?" అంది పెద్దకోడలు. "మొదట్లో దాన్ని ఎప్పుడూ గొడుగేసుకొచ్చే మాస్టారొక్కరే కొనేవారు. ఇప్పుడేమిటో, కొత్తగా వచ్చేవాళ్ళంతా అదే అడుగుతున్నారు."

ఆ అమ్మాయి నవ్వుతూ చేతులు కడుక్కుంది.

"మీ దగ్గరికి జనం ఎలా వస్తున్నారండీ?"

"ఒకరు చెబితే ఒకరు."

"ఏమని చెప్పుకుంటారో ఎప్పుడైనా అడిగారా?"

"మంచి సబ్బులని చెప్పుకుంటారు. ఇంకేం చెప్పుకుంటారు, మా అందం గురించా?" అంది అత్తగారు.

వారం తిరక్కుండా ఆ అమ్మాయి సైట్ బొమ్మ సిద్ధం చేసి తెచ్చింది. ల్యాప్‌టాప్ ముందు ముగ్గురి తలలూ ఒకచోట చేరాయి.

నీలం తలుపు. ఓరగా తెరిచి ఉంది. సందులోంచి తెల్లటి నురగ. కింద 'నీలం తలుపు సబ్బులు' అని పేరు. తలుపు మీద నొక్కితే పూర్తిగా తెరుచుకుంటుంది. ఎదురుగా మొట్టమొదట కనిపించేది వాసన లేని తెల్ల సబ్బు.

"ఇది మన వీధి తలుపేనే! రంగు పెచ్చులూడిన చోటు కూడా వదల్లేదు!" అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"మనింటి తలుపు మనకి చూపించడానికి డిజైనరెందుకక్కా?" అని చిన్నకోడలు గొణిగింది. అందరికీ వినపడింది.

"మిమ్మల్ని వెతుక్కునేవాళ్ళకి గుర్తుండేది ఇదేనండీ. ఒక్కసారి వచ్చినవాళ్ళని అడిగి చూడండి."

"కాదు తల్లీ," అంది పెద్దకోడలు. "చూడగానే కళ్ళు జిగేల్‌మనాలి. బంగారు రంగు అక్షరాలుండాలి. ఆలోచించుకుని మేమే ఫోన్ చేస్తాంలే."

ఆ మాటకి అర్థం ఆ అమ్మాయికి తెలియనిది కాదు. ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది. చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది.

"పేరు మీ ఇష్టమండీ. తలుపు రంగు మాత్రం మార్చకండి."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా బిగబట్టుకుని, ముగ్గురూ పడీ పడీ నవ్వారు.

"తలుపు మనదా, ఆ పిల్లదా?" అంది అత్తగారు.

తరవాత దొరికిన డిజైనరు అడిగిందల్లా చేశాడు. 'బంగారు నురగ' అని పేరు. మెరిసే అక్షరాలు. వేలు పెడితే ఎగిరే బుడగలు. బంగారం పక్కన వెలవెలబోతోందని తెల్ల సబ్బుని ఆఖరి పేజీలోకి తోసేశారు. పేరుకు తగ్గట్టుండాలని వీధి తలుపుకీ బంగారు రంగు వేయించారు.

సైట్ తెరిచే రోజు ఇంట్లో ఎవరి కాళ్ళూ నేల మీద లేవు.

"నేను నొక్కుతాను!"

"నీకంటే పెద్దదాన్ని, నేను నొక్కుతాను!"

"ఇద్దరూ జరగండి," అని అత్తగారే నొక్కేసింది.

చుట్టాలందరూ చప్పట్ల బొమ్మలు పంపారు. ఆర్డరు మాత్రం ఒక్కరూ పంపలేదు.

"మొదటి రోజే కదా," అనుకున్నారు. రోజులు గడిచాయి. సైట్ సంగతి సరే, కొత్తగా వచ్చి తలుపు తట్టేవాళ్ళూ లేకుండా పోయారు. చిన్నకోడలు పాత ఆఫీసు నంబరు తీసి చూసుకోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దున ఒకామె పిల్లాణ్ణి చంకనేసుకుని వీధిలో అటూ ఇటూ తిరుగుతోంది.

"ఎవరి కోసమమ్మా?" అంది అత్తగారు.

"సబ్బులమ్మే ఇల్లండీ. నీలం తలుపన్నారు. వీధంతా గాలించాను, ఎక్కడా లేదు."

తోడికోడళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"ఇదేనమ్మా ఆ ఇల్లు. ఎవరు చెప్పారు నీకు?" అంది అత్తగారు.

"చర్మం డాక్టరుగారి వరండాలో ఒకమ్మాయండీ. ఏ సబ్బు వాడినా చేతులు పగిలిపోయేవట, పెన్సిలు కూడా పట్టుకోలేకపోయేదట. వాళ్ళ నాన్నగారు మాస్టారట, గొడుగు వేసుకొచ్చి మీ తెల్ల సబ్బు తీసుకెళ్ళేవారట. అది ఒంటికి పడ్డాక, వరండాలో కనపడిన ప్రతివాళ్ళకీ మీ ఇల్లు చెబుతూనే ఉందట, మూడేళ్ళుగా."

పెద్దకోడలు తలుపు మీది బంగారు రంగుని గోటితో గీకింది.

"అక్కా, నీలం రంగు డబ్బా తెప్పించు! రేపటికల్లా తలుపు మారిపోవాలి!" చిన్నకోడలు అప్పటికే ఫోన్ అందుకుంది. "ఆ అమ్మాయిని ఇప్పుడే రమ్మంటాను. సైట్ ఆమే చేస్తుంది, ఆమె ఎలా చెబితే అలా!"

"ఆమె ఊళ్ళో లేదుగా అండీ," అంది పిల్లాడి తల్లి. "మొదటి పనే చెయ్యి జారిందట. వేరే ఊళ్ళో ఏదో ఉద్యోగం దొరికితే వెళ్ళిపోయింది. నిన్న డాక్టరుగారికి చెప్పి వెళ్ళడానికొచ్చి, మా వాడి చేతులు చూసి ఆగి, ముడిలోంచి పెన్సిలు తీసి, ఇదిగో, ఈ మందుల చీటీ వెనక మీ తలుపు బొమ్మ గీసిచ్చి మరీ బండెక్కింది."