గుండ్లకు వీపు పెట్టి

"మామా, మళ్లా కదిల్తివి," అన్నాడు అమర్‌నాథ్, కెమెరా మీద నుంచి తల ఎత్తకుండానే.

కదలక ఏం చేస్తాడు సిద్దప్ప? ఎక్కడ చిటుక్కుమన్నా తల అటే తిరుగుతోంది. అసలు కుప్పం పక్కన ఈ వంకలోకి రావడమే ఆయనకు ఇష్టం లేదు. మొన్న ఒంటి ఏనుగు ఒకటి అడవి దిగి వచ్చి ఆయన చెరుకు తోటంతా తొక్కి, బోరు పైపులు పుల్లల్లా విరిచి పోయింది. అది తిరిగి అడవిలోకి పోవడం చూసినవాళ్లు లేరు. పొద్దున్నే మంచులో అటు పోవద్దని ఊరంతా చెప్తూనే ఉంది.

మేనల్లుడు వింటేనా? పుంగనూరులో స్టూడియో పెట్టి పెళ్లిళ్లు తీసీ తీసీ విసుగొచ్చిందట. వంక నీళ్లు పాలధారలా పడాలట, పక్కన మనిషి మాత్రం శిలలా నిలబడాలట. మదనపల్లెలో పోటీకి పంపుతాడట. వాణ్ణి ఒంటరిగా పంపితే అక్క ఊరుకోదు. అందుకని వెంట వచ్చాడు సిద్దప్ప.

షట్టర్ కాసేపు తెరిచే ఉంటుందని, ఆ కాసేపట్లో కదిలిందల్లా పొగలా చెదిరిపోతుందని, కదలనిదే తేటగా పడుతుందని వాడు దారి పొడుగునా చెప్పాడు. సిద్దప్ప చెవికెక్కింది ఒక్కటే. కదిలితే మళ్లీ తీస్తాడు. మళ్లీ తీస్తే ఇంకాసేపు ఇక్కడే ఉండాలి.

అందుకే నిలబడే చోటు తనే ఎంచుకున్నాడు. గట్టు మీద పెద్ద పెద్ద గుండ్లు మంచులో నల్లగా కనబడుతున్నాయి. అడవి మీద నుంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి నడిచి, వాటికి వీపు పెట్టి నిలబడ్డాడు. వెనక రాయి ఉంటే వెనక నుంచి ఏదీ రాదు కదా.

"ఏనుగు వాసనొస్తాండాదిరా అమరా," అన్నాడు గొంతు తగ్గించి.

"నీ పంచె వాసనేమో సూసుకో మామా. ఊపిరి బిగబట్టు. ఇదొక్కటి తీసుకోని పోదాం."

సిద్దప్ప ఊపిరి బిగబట్టాడు. ఇంటి దేవుడికి మొక్కుకున్నాడు. కళ్లు కూడా ఆర్పలేదు. గాలి లేదు. అడవి అంచున ఒక్క ఆకు ఆడటం లేదు. కెమెరా టిక్కుమంది. యుగమంత సేపటికి మళ్లీ టిక్కుమంది.

"పడిందాప్పా?"

అమర్‌నాథ్ తెర మీద ఫోటో చూసి నవ్వాడు. మామ మీసంలో వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత తేటగా పడ్డాయి. ఇంకాస్త పెద్దది చేసి చూశాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. మెల్లగా తల ఎత్తాడు గానీ, చూపు సిద్దప్ప మొహం మీద లేదు. ఆయన తలకు చాలా పైన ఉంది.

"మామా, ఇంగా కదలొద్దు," అన్నాడు, పెదవులు కదిపీ కదపకుండా.

"యాల? ఈసారి నేను కదల్లేదు గదప్పా."

"నువ్వు కదల్లేదు మామా. నీ ఎనకాల గుండు కదిలిండాది."