ఐదు మార్కుల నవ్వు

లైబ్రరీలో నవ్వులు విని బడి నడిపే కరస్పాండెంట్ భూపతి గుమ్మంలోనే ఆగిపోయాడు.

లోపల తొమ్మిదో తరగతి వైష్ణవి బెంచీ ఎక్కి నిలబడి ఉంది. ఎడమచేత్తో లేని తక్కెడను ఎత్తి పట్టుకుంది. కుడిచేతి బొటనవేలితో ఒక పళ్లేన్ని మెల్లగా కిందికి నొక్కుతోంది.

"తూకం సరిగ్గానే ఉండాది పోప్పా. నీ కండ్లే సరిగ్గా లేవు" అంది గొంతు బొంగురు చేసి.

పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. అంతలో ఒకరు గుమ్మం వైపు చూశారు. నవ్వులు ఆగిపోయాయి.

"ఏందమ్మా ఇది?" అన్నాడు భూపతి లైబ్రేరియన్ సుజితతో.

"మన గుడియాత్తం ఎల్లప్ప రాసిన నవల సార్. మగ్గాల వీధి కథ. దాంట్లో నూలు అమ్మే తక్కెడాయన ఒకాయన వస్తాడు. నేసేవాళ్లను తూకంలో మోసం చేస్తా ఉంటాడు. పిల్లలకు ఆయన కథంటే రొంబ ఇష్టం."

ఆ పుస్తకంలో ఇంకో రుచి కూడా ఉంది. కథ తమిళంలో నడుస్తుంది. మనుషులు మాట్లాడేది మాత్రం ఆ తమిళనాడు ఊళ్లో ఇళ్లల్లో వినిపించే తెలుగు, తమిళ అక్షరాల్లో. అమ్మ తిట్టే తిట్లను అచ్చులో చూడటం ఆ పిల్లలకు అదే మొదలు. లైబ్రరీలో ఉన్నది ఒక్కటే కాపీ. చేతులు మారి మారి దాని అట్ట ఎప్పుడో ఊడిపోయింది.

భూపతి దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. పెదవి వంకర తిరిగింది.

"ఇది నేను ఇంటికి తీసుకుపోతా" అని చంకలో పెట్టుకున్నాడు.

సుజితకు ఒళ్లు మండింది. ఆమె లత్తేరి నుంచి వచ్చి ఈ బడిలో చేరి ఏడాది కాలేదు. కరస్పాండెంటు ఇంతకుముందు సిమెంటు వ్యాపారం చేసేవాడని మాత్రం విన్నది. అందుకే పుస్తకాన్ని కూడా మూటలా మోసుకుపోయాడు అనుకుంది. ఇక అది తిరిగి రాదనుకుంది.

వచ్చింది. ఒకటి కాదు, కట్టలు కట్టలుగా వచ్చింది. తొమ్మిదో తరగతికి ఈ ఏడాది ఆ నవలే నాన్‌డీటైల్ పాఠ్యపుస్తకం అని భూపతి ప్రార్థన సమయంలో ప్రకటించాడు. పుస్తకాలు బడే ఉచితంగా ఇస్తుందన్నాడు.

సభ పెట్టి ఎల్లప్పకు శాలువా కప్పారు. ఆయన భూపతి రెండు చేతులూ పట్టుకున్నాడు. ముఖంలోకి చూడలేకపోయాడు.

"నీకు ఇంత మనసుంటాదని నేను అనుకోలేదప్పా" అన్నాడు. శాలువా కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

సుజితకు చిరాకు వేసింది. ఒక శాలువాకు మనిషి ఇంతగా కరిగిపోవాలా?

ఆ తర్వాత పరీక్షలు మొదలయ్యాయి. వారం వారం పరీక్షే. ప్రశ్నలు తయారుచేసింది తమిళ టీచరు కాదు, భూపతే. 'తక్కెడాయన స్వభావాన్ని పాఠం ఆధారంగా వివరించుము. ఐదు మార్కులు.' 'నేతగాళ్ల సంభాషణను శుద్ధమైన తమిళంలోకి మార్చి రాయుము. ఐదు మార్కులు.' 'ఈ అధ్యాయంలోని హాస్యాన్ని పాయింట్ల వారీగా రాయుము.' తప్పు రాస్తే అధ్యాయమంతా ఎత్తి రాయాలి. ఒకరోజు జవాబు రాస్తూ కిసుక్కున నవ్వినందుకు వైష్ణవిని క్లాసు బయట నిలబెట్టారు.

ఆ పిల్ల మళ్లీ నవ్వలేదు.

"తక్కెడాయన ఎట్లుండాడు పాపా?" అని సుజిత ఒకసారి అడిగింది.

"ఐదు మార్కులు మిస్. మూడు పాయింట్లు రాస్తే మూడే వేస్తారు."

"అది కాదు. ఆయన మాదిరి ఒకసారి మాట్లాడి చూపించు."

"వద్దు మిస్. ఆ పుస్తకం చూస్తానే ఎత్తి రాయడమే గుర్తొస్తాది. పరీక్ష అయిపోతానే పాత పేపర్లకు వేసేస్తా."

అన్నట్టే వేసింది. అందరూ వేశారు. బస్టాండు పక్క టీకొట్టులో ఎల్లప్ప బజ్జీలు అడిగితే, ఆయన రాసిన పేజీలోనే చుట్టి ఇచ్చారు.

"నూనె అంటని కాడికి చదువుకున్నానమ్మా" అన్నాడు సుజితతో.

ఆమె నేరుగా కరస్పాండెంట్ గదిలోకి వెళ్లింది. ఉద్యోగం పోయినా సరేననుకుంది.

"మీరు ఆ పుస్తకాన్ని చంపేసినారు సార్. పుస్తకమంటే ఏందో తెలియనోళ్లు బడి నడిపితే ఇట్లే ఉంటాది."

భూపతికి కోపం రాలేదు. కుర్చీలో ముందుకు వంగాడు.

"ఒక్కరు గూడా చదవడం లేదా?"

"ఒక్కరు గూడా లేరు."

"లైబ్రరీలో ఉండే కాపీ?"

"దుమ్ము పట్టి ఉండాది. పోయిన వారం ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోలేదు."

"సరే. వచ్చే ఏడాది ఎనిమిదో క్లాసుకు గూడా అదే పెడదాం" అన్నాడు భూపతి.

సుజిత ఆయన్ని ఎగాదిగా చూసింది. చెప్పింది అర్థం చేసుకునే బుర్ర కూడా లేదు ఈ మనిషికి. ఇలాంటి మొద్దుతో ఇంకో మాట దండగ అనుకుంది. తలుపు ధడాలున వేసి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం భూపతి పెందలాడే కారెక్కి వేలూరులో ఇల్లు చేరాడు. వెనక గదిలో తండ్రి జయరాములు మంచం మీద ఉన్నాడు. చూపు పోయింది కానీ చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. భూపతి పక్కన కూర్చుని, ముసలాయన కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇంక గుడియాత్తంలో ఏ బిడ్డా నీ తూకం కథ చెప్పుకొని నవ్వదు నాయనా" అన్నాడు.