జానెడు దూరం

భార్య పాట రికార్డు చేయడానికి సామాన్ల గది గోడలకు దుప్పట్లు కట్టి, మధ్యలో నిలబెట్టిన మైకును మరోసారి సర్దాడు భర్త.

"నోటికి జానెడు దూరం, కాస్త వారగా. ఊపిరి తగలదు. ఈసారైనా అవ్వనీ, తల్లీ!"

ఆమె తలుపు వేసుకుని పాట మొత్తం పాడింది. బయట అత్తగారు మిక్సీ ఆపి, మనవణ్ణి ఎత్తుకుని కూర్చుంది.

"అద్దిరిందే! ఇక వచ్చెయ్," అంది హెడ్‌ఫోన్లలో భర్త గొంతు. "వీడికి స్నానం చేయించాలి. అమ్మ టీ అడుగుతోంది. నా చొక్కా ఇస్త్రీ కాలేదు."

పాటలో ఎక్కడా తప్పు లేదని ఆమెకూ తెలుసు. అయినా మైకును రెండు వేళ్లతో పక్కకు తోసింది.

"చివర్లో ఊపిరి కొట్టిందండీ. మళ్లీ పాడతాను."

"పొద్దుట్నుంచీ ఇదే వరస!" విసుక్కుంటూనే అతను ఫ్యాను ఆపాడు. ఇల్లంతా సద్దుమణిగింది. ఇక ఆమెను ఎవరూ పిలవరు.

ఆమె దుప్పటికి చేరగిలబడి కళ్లు మూసుకుంది.

"ఏమే, ఏం వినపడట్లేదేం?"

"మైకు సర్దుతున్నానండీ," అంది, కళ్లు తెరవకుండానే.