దానయ్య పట్టు

"పిల్ల చెయ్యి విరిగితే ఎవరండీ పూచీ?"

క్లాసు ఇంకా మొదలు కాకముందే సీతారత్నం అడిగేసింది.

గుంటూరులో ఒక చర్చి వెనకాల హాలు. నేలంతా నీలం మ్యాట్లు పరిచి ఉన్నాయి. ఐకిడో అనే జపాను ఆత్మరక్షణ విద్య నేర్పే క్రిస్టీనా నవ్వి, ఏం విరగదండీ అంది.

సీతారత్నానికి నమ్మకం కుదరలేదు. మెడ పట్టేస్తే? తల నేలకి తగిలితే? పక్కన కూతురు మనోజ్ఞ తల దించుకుని నిలబడింది.

కాలేజీకి వెళుతుంటే బస్టాండులో ఎవడో ఆ పిల్ల మణికట్టు పట్టుకుని లాగాడు. కండక్టరు కేకేస్తే వదిలి పారిపోయాడు. అప్పట్నుంచి మనోజ్ఞ గడప దాటడం లేదు. పరీక్షలేమో దగ్గర పడుతున్నాయి. పిల్లని మళ్లీ బస్సెక్కించాలని తల్లికి ఆరాటం, ఎక్కిస్తే ఏమవుతుందోనని భయం.

అందుకే ఈ క్లాసు. రోజూ సాయంత్రం తనూ వచ్చి గోడ పక్కన కుర్చీలో కూర్చునేది.

అక్కడ ఆమెకి గిట్టని మనిషి ఒక్కడే. దానయ్య.

యాభై దాటినవాడు. మిర్చి యార్డులో టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, మోస్తాడు. పని దిగాక చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, కొబ్బరి నూనె రాసుకుని వచ్చేవాడు. అయినా అతను హాల్లో అడుగు పెడితే ఎవరో ఒకరు తుమ్మాల్సిందే.

ఇక్కడ అతని పని పడటం.

ఆడపిల్లల మణికట్టు పట్టుకుంటాడు. వాళ్లు పక్కకి తిరిగి, చెయ్యి మెలిపెట్టి విసిరితే దొర్లుకుంటూ పోతాడు. లేచి, నెత్తి మీద కొట్టబోయినట్టు చెయ్యెత్తుతాడు. ఈసారి బోర్లా పడేసి, చెయ్యి వెనక్కి విరిచి నేలకి అదుముతారు. నొప్పి పుడితే మ్యాటు మీద అరచేత్తో తడతాడు. వదిలేస్తారు. మళ్లీ లేస్తాడు.

"సిగ్గుండక్కర్లా? చిన్నపిల్లల చేత దొర్లించుకోవడానికి అంత దూరం నడిచొస్తాడు," అని సీతారత్నం మూతి తిప్పేది.

క్లాసుకొచ్చే ఇంకో పిల్ల రాగసుధ వాళ్లమ్మ ఇంకాస్త కలిపింది. ఇంట్లో ఎవరూ లేరట, ఒక్కడే గదిలో ఉంటాడట, ఇక్కడ జీతం కూడా లేదట.

జీతం లేకుండా ఎందుకొస్తున్నట్టు? సీతారత్నం బుర్ర ఎప్పుడూ పోయే దారినే పోయింది.

మిగతా పిల్లలు పట్టుకుంటే మనోజ్ఞ ఇట్టే విడిపించుకునేది. దానయ్య పట్టుకుంటే మాత్రం వల్లయ్యేది కాదు. చేత్తో లాగకు, నడుం తిప్పు అనేవాడు. తిప్పేది. ఆమె విసిరేలోపే అతను ఎదురు మెలిక వేసి ఆమెనే కింద కూర్చోబెట్టేవాడు. కళ్లనీళ్లు పెట్టుకున్నా వదిలేవాడు కాదు.

ఒకరోజు పిల్ల మణికట్టు ఎర్రగా కందిపోయింది.

సీతారత్నం కుర్చీలోంచి లేచింది.

"ఏవయ్యా, పరాయి ఆడపిల్ల చెయ్యి అలాగా నలిపేది? ఇంత వయసొచ్చి ఇదేం పాడు బుద్ధి?"

హాలంతా ఆగిపోయింది. క్రిస్టీనా ఏదో చెప్పబోయింది. ఈ మనిషి ఉంటే ఏ తల్లీ పిల్లని పంపదని సీతారత్నం తేల్చేసింది. రాగసుధ వాళ్లమ్మ అప్పుడే సంచీ సర్దుకుంటోంది.

దానయ్య తన అరచేతులు చూసుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"మంట పుడితే నూనె రాయి పాపా," అని మనోజ్ఞకి చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

"పీడా పోయింది," అంది సీతారత్నం, అతనికి వినపడేలాగే.

తర్వాత క్లాసు హాయిగా సాగింది. పిల్లలే ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకునేవాళ్లు. మనోజ్ఞ అందర్నీ పడేసేది. తల్లి ఫోన్లో వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపింది. పిల్ల ధైర్యం చేసి ఒక్కతే బస్సెక్కి కాలేజీకి కూడా వెళ్లొచ్చింది.

ఆదివారం మేనమామ శ్రీరామ్ వచ్చాడు. వీడియోలు చూశానే, నన్నూ పడెయ్యి చూద్దాం అంటూ సరదాగా మణికట్టు పట్టుకున్నాడు.

మనోజ్ఞ తిరిగింది. చెయ్యి ఊడి రాలేదు. మళ్లీ తిరిగింది. శ్రీరామ్ నవ్వుతూనే ఉన్నాడు. పిల్ల మాత్రం మొహం పాలిపోయి కొయ్యలా బిగుసుకుపోయింది.

సోమవారం బస్సెక్కనంది.

సీతారత్నం యార్డుకి వెళ్లింది. ఘాటుకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గుకుంటూ టిక్కీల మధ్య వెతికింది. దానయ్య పని మానేసి కనిగిరి అవతల సొంతూరికి పోయాడని, ఏ ఊరో తమకీ తెలియదని తోటి హమాలీలు చెప్పారు.

ఆ విసురుతోనే హాలుకొచ్చింది. క్రిస్టీనా ఒక్కతే మ్యాట్లు తుడుస్తోంది.

"చూశారా మేడం, ఒక్క మాటకే అలిగి ఊరొదిలి పోయాడు. పిల్ల కోసం పిలుద్దామనుకున్నా గానీ, లేకపోతే వాడి మొహం ఎవరిక్కావాలి? అసలు పరాయి పిల్లల చెయ్యి అంత గట్టిగా పట్టుకోవాలని ఏంటండీ ఆ మనిషికి?"

క్రిస్టీనా తుడుస్తూనే ఉంది. ఆ మూల నుంచి ఈ మూల దాకా వచ్చింది. గుడ్డ బకెట్లో జాడించి పిండింది.

బకెట్ పక్కకి జరిపి తలెత్తింది.

"ఆయన కూతురు కూడా ఇక్కడే నేర్చుకుందండీ, బతికున్నన్నాళ్లూ ఆ పిల్ల చెయ్యి మేమంతా మెల్లిగానే పట్టుకున్నాం. చివరికి దారిలో పట్టుకున్నవాడు మెల్లిగా పట్టుకోలేదు."