బార్బరు చేతులు

"బావా, ఏదీ, చేతులు చూపించు," అన్నాడు బావమరిది, కుర్చీలో కూర్చోకుండానే.

బార్బరు రెండు చేతులూ తిప్పి చూపించాడు. వేళ్ళ సందుల్లో ఎరుపు లేదు, పొట్టు రాలడం లేదు. హోమియో గోళీలు పనిచేశాయో, రోజులే పనిచేశాయో గానీ, ఏడాదిగా పీడించిన ఎగ్జిమా పోయి నెల దాటింది.

"బాగానే ఉన్నాయే."

"మరి కూర్చో."

"కూర్చుందును గానీ, ఇంట్లో మీ చెల్లెలు ఒప్పుకోదు బావా. పిల్లలున్న ఇల్లు. ఏమనుకోకు."

అనుకోవడానికేముంది. సొంత బావమరిదే గుమ్మం దిగి, రోడ్డు దాటి, ఎదుటి సెలూన్లో తన వంతు కోసం దర్జాగా కూర్చున్నాడు. ఇక్కడి అద్దంలోంచి కనబడుతూనే ఉంది.

కత్తెర ఆడించి నాలుగు నెలలైంది. పొద్దున వచ్చి కుర్చీ తుడవడం, సాయంత్రం అదే కుర్చీని మళ్ళీ తుడవడం. ఇవాళ కూడా ఎవరూ కూర్చోకపోతే షాపు ఎత్తెయ్యడమే అనుకున్నాడు. తలుపు దగ్గరగా వేసి, సరాసరి హోమియో డాక్టరు దగ్గరికి పోయాడు.

"మళ్ళీ ఎందుకొచ్చావయ్యా? తగ్గిపోయిందిగా?"

"చేతులకి తగ్గింది డాక్టరుగారూ. జనానికే తగ్గలేదు. దానికేమైనా గోళీలున్నాయా?"

డాక్టరు నవ్వలేదు. మామూలుగానే కాగితం ముందుకి లాక్కున్నాడు. హోమియో వాళ్ళకి రోగం ఒక్కటే చాలదు, మనిషి సంగతంతా కావాలి.

"నిద్ర?"

"పడుతోందండి."

"కలలు?"

"ఎవరికో గడ్డం గీస్తున్నట్టు."

"మనసు బాగోనప్పుడు ఒంటరిగా ఉంటే నయమా, పక్కన మనిషుంటే నయమా?"

"మనిషుంటేనే నయమండి. ఉంటేగా."

డాక్టరు కలం ఆపేశాడు. ఏ సీసా మూతా తియ్యలేదు. "పద," అంటూ లేచాడు.

"ఎక్కడికండీ?"

"నీ షాపుకి. నా గడ్డం చూడు, అడవిలా పెరిగింది. తలుపు బార్లా తీసిపెట్టి గీద్దువుగాని. డాక్టరే కూర్చున్నాడంటే జనం వాళ్ళే వస్తారు."

అన్నట్టే అయింది. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేసరికి నలుగురు గుమ్మం దగ్గర చేరారు. ఎదుటి సెలూన్లో బావమరిది మొహం నిండా నురగతో లేచి నిలబడ్డాడు.

"చూసేదేముంది, వైద్యం చేసినాయనే కూర్చున్నాడు," అన్నారెవరో.

"తర్వాత నాది," అన్నాడు ఇంకొకడు.

ఆ మాట విని నాలుగు నెలలైంది. బార్బరు తెల్లగుడ్డ కప్పి, నాలుగు వేళ్ళతో గుబురు గడ్డం పైకెత్తి, కత్తెర పెట్టాడు. ఒక గుప్పెడు వెంట్రుకలు రాలాయి.

లోపల, చెవి కింద నుంచి గొంతు దాకా, ఎర్రగా చిట్లిన చర్మం. పొలుసులు పొలుసులుగా ఎగ్జిమా.

బార్బరు చెయ్యి, తనకి తెలియకుండానే, వెనక్కి వచ్చేసింది.

డాక్టరు కళ్ళు తెరవలేదు. గుమ్మంలో వాళ్ళకి వినబడకుండా అన్నాడు.

"ఆపకయ్యా. నన్నొక మనిషి ముట్టుకుని మూడేళ్ళయింది."